కంప్యూటరులో కాపురముండు ఫోను

2018వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మన తెలుగక్షరమొకటి దేశదేశములందలి ఐఫోనులను తలక్రిందులు చేసినది. ఎవరైన ఆ యక్షరమును వ్రాసి పంపినచో, దానిని తెఱపై చూపబోయిన యాప్ తటాలున మూతపడెడిది. మఱల తెఱచిన మఱల మూతపడెడిది. క్రొత్త సందేశము వచ్చినదని ఫోను తనంతట చూపు సూచనలోనే ఆ యక్షరము తగిలెనా, ఫోనంతయు మాటిమాటికి ఆరి వెలుగుచు ఎందులకును కొఱగాక పోయెడిది. ఐఫోనులే కాదు, ఆపిల్ కంపెనీవారి మాక్ కంప్యూటరులును, చేతి గడియారములును ఆ దోషము బారిన పడినవి. ఫిబ్రవరి 19వ తేదీన ఆ కంపెనీవారు ఐఫోనులకు 11.2.6 అను సవరణమును విడుదల చేసినపిదప గాని యీ గొడవ సద్దుమణుగలేదు.

ఆ యక్షరమేదియో తెలిసికొనవలెనని కుతూహలము కలుగుట సహజము. అది మన 'జ్ఞానము'లోని జ్ఞా వంటిదే గాని సరిగా అదియే కాదు. జకారమునకు పొల్లుపెట్టి, ఞకారము చేర్చి, ఆ తరువాత కంటికి కనబడని విడదీయు గుర్తునొకదానినుంచి, పిదప దీర్ఘమును చేర్చిన కూర్పు అది. కనబడని గుర్తనగానే వింత పడనక్కఱలేదు. 'సాఫ్ట్‌వేరు' అని టైపు చేయునపుడు వకారము వత్తుగా మాఱి క్రిందికి దిగకుండ అడ్డుపెట్టునది ఆ గుర్తే. బెంగాలీ, దేవనాగరి లిపులలో గూడ ఇట్టి కూర్పులు కొన్ని అదే యుపద్రవమును తెచ్చునని పిమ్మట తేలినది. కావున తప్పు మన యక్షరముది కాదు. అక్షరములను పేర్చి తెఱపై చూపు ప్రోగ్రాముది. (ఆ కూర్పును మాత్రము ఇచ్చట అచ్చొత్తింపను. సవరణము పొందని పాతఫోను ఏ యింట మూలనున్నదో యెవరెఱుగుదురు!)

ఇన్నాళ్లకు ఈ కథ నెత్తుటకు కారణము కలదు. యాప్‌లు చేయువారు సామాన్యముగా తమ కలవాటైన భాషలో, తమ బల్లమీది క్రొత్తఫోనులో, తమ కార్యాలయమునందలి మంచి ఇంటర్నెటుతో వానిని నడిపి చూచి, బాగుగనే యున్నదని బయటికి విడుతురు. వాడువారము మనము. మన భాష వేఱు. మన ఫోను నాలుగైదేండ్ల నాటిది. పిల్లల ఫొటోలతో నిండి ఊపిరాడక యుండును. సిగ్నలు వసారాలో నుండును, వంటయింటిలో నుండదు. కండ్లజోడు దొరకని వేళ చదువుటకై అక్షరములను పెద్దవి చేసికొని యుందుము. గ్యాసుబండకు చెప్పుకొనుట, కరెంటుబిల్లు కట్టుట, పిల్లవాని బడిఫీజు, పెద్దవారి మందులు, రైలు టిక్కెట్టు, ఇవన్నియు యాప్‌లమీదనే నడచు కాలమిది. ఏదో యొక బొత్తాము తెఱ యంచున దాగిపోయి కనబడకున్నచో, పని ఆగిపోవుటయే గాక, 'నాకు చేతకాలే'దని ఆ పెద్దమ్మ తన్ను తానే నిందించుకొనును. లోపము ఆమెది కాదని చెప్పువారుండరు.

మఱి పరీక్షించువారు బజారులోని ఫోనులన్నియు కొని పరీక్షింపవలెనన్న ఎవరి తరము? ఒక్క ఆండ్రాయిడులోనే కంపెనీలెన్ని, తెఱల కొలతలెన్ని, సంవత్సరమున కొకటిగా వచ్చిన సంచికలెన్ని! ఈ చిక్కునకు కనిపెట్టిన యుపాయమే కంప్యూటరు లోపల ఫోనును కాపురముంచుట. దీనినే వర్చువల్ మెషీను అందురు. పండితులెవరైన చక్కని తెలుగు పేరు పెట్టినచో సంతోషమే. అందాక వాడుకలో నున్న పేరే నాకు చాలును.

ఇది యింజనీర్ల గొడవ, మనకెందులకని తోచవచ్చును. హైదరాబాదులోను, బెంగుళూరులోను సాఫ్ట్‌వేరును పరీక్షించు నుద్యోగములలో మన యిండ్ల ఆడుపిల్లలెందఱో యున్నారు. ఇంటికి వచ్చిన కోడలు రాత్రి పదిగంటలకు కంప్యూటరు తెఱపై చిన్న ఫోనుబొమ్మ నుంచుకొని దానిని నొక్కుచు కూర్చున్నచో, ఆటలాడుకొనుచున్నదని అత్తగారు పొరపడుట కలదు. అంతే గాక, ఇంటిలోనే పచ్చళ్లు, పొడులు, కుట్టుపని చేసి అమ్ముకొను సోదరీమణులు తమకొక యాప్ చేయించుకొనుట నేడు అరుదు కాదు. సొమ్మిచ్చి చేయించుకొన్న వస్తువును చూచి పుచ్చుకొనుట యెట్లో వారికి తెలియవలదా?

బొమ్మలకొలువు నాటి లక్కపిడతలను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. చిన్న పొయ్యి, చిన్న కుండ, చిన్న గరిటె. అన్నియు నుండును గాని వానిలో అన్నముడుకదు. ఆ పిడతలో నిజముగనే అన్నముడికినచో నెట్లుండును? పెద్ద పొయ్యిలోని నిప్పునే కొంత తెచ్చి, పెద్ద డబ్బాలోని బియ్యమునే గుప్పెడు తెచ్చి, ఆ చిన్న వంటను నిజమైన వంటగా సాగించినట్లు, కంప్యూటరుయొక్క లెక్కించు శక్తిలో కొంత, జ్ఞాపకశక్తిలో కొంత, దాచుకొను చోటులో కొంత వేఱుచేసి ఇచ్చినచో, ఆ పరిధిలో మఱియొక యంత్రము నడచును. దాని లోపలి ఆపరేటింగు సిస్టము తానొక స్వతంత్రమైన ఫోనులో నున్నాననియే భావించును. పిడత పగిలినను పెద్ద వంటయిల్లు చెడదు. ఎవరికెంత యియ్యవలెనో కొలిచియిచ్చి, ఒకరి పాలు మఱియొకరు ముట్టకుండ కాపాడు ప్రోగ్రామొకటి పైన నుండును. దానికి హైపర్‌వైజరని పేరు. నలుగురు కోడండ్రకు కొట్టుగది తాళపుచెవి తన కొంగుననే యుంచుకొని సామాను కొలిచిపెట్టు నత్తగారు తలపునకు వచ్చిన నా తప్పు కాదు.

ఈ యూహ క్రొత్తది కాదు. 1960ల దశకముననే అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం కంపెనీవారి శాస్త్రజ్ఞులు, గదియంత యున్న కంప్యూటరునొకదానిని పలువురు ఎవరికి వారు తమ స్వంత యంత్రమేయన్నట్లు వాడుకొను నేర్పాటు చేసిరి. 1972లో ఆ కంపెనీవారు ఈ పద్ధతిని వీఎం/370 అను పేర బజారులోనికి తెచ్చిరి. పిదప కంప్యూటరులు చిన్నవై, చవుకయై, మనిషికొకటి వచ్చినందున ఈ విద్య కొన్నాళ్లు మఱుగున పడినది. దానిని మఱల వెలుగులోనికి తెచ్చి మేజామీది కంప్యూటరులకు దించినవారిలో ముఖ్యురాలొక స్త్రీ యని చెప్పుటకు నాకు సంతోషముగ నున్నది. ఆమె పేరు డయాన్ గ్రీన్. మొదట ఓడల నిర్మాణశాస్త్రము చదివి, తరువాత బర్క్‌లీలో కంప్యూటరుశాస్త్రమభ్యసించినది. 1998లో తన భర్త మెండెల్ రోజన్‌బ్లమ్‌తోను, మఱి ముగ్గురితోను కలిసి వీఎంవేర్ అను కంపెనీని స్థాపించి, 2008వ సంవత్సరము వఱకు దానికి అధినేత్రిగా నుండెను. భర్త స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. కంపెనీని నడపిన భారము ఆమెది. 1999లో వారి మొదటి సరకు బయటికి వచ్చినది. ఒక కంప్యూటరులో మఱియొక కంప్యూటరును కిటికీలోని బొమ్మవలె తెఱచుకొనుట అప్పటినుండి సామాన్యులకు అందినది.

ఆండ్రాయిడు ఫోను మాటకు వత్తము. ఇందొక చమత్కారము కలదు. గూగులువారు ఆండ్రాయిడుకు ప్రోగ్రాములు వ్రాయువారి సామగ్రిని 2007 నవంబరులోనే పంచిపెట్టిరి. అప్పటికి ఆండ్రాయిడు ఫోను ఒక్కటియు అంగడిలో లేదు. మొదటిది 2008 అక్టోబరులో గాని అమ్మకమునకు రాలేదు. ఆ మధ్యకాలమంతయు ప్రోగ్రాములు వ్రాసినవారు కంప్యూటరులోని బొమ్మఫోనునందే వ్రాసి చూచుకొనిరి. బిడ్డ పుట్టకముందే చొక్కాలు కుట్టినట్లయినది! ఆ బొమ్మఫోనును ఎమ్యులేటరందురు. ఫాబ్రీస్ బెలార్ అను ఫ్రెంచివాడు 2003లో వెలువరించిన క్యూఎము అను ప్రోగ్రాము దానికి పునాది.

మొదటి యెమ్యులేటరులది నత్తనడక. దానిని తెఱచి, కాఫీ కలుపుకొని వచ్చునప్పటికి గూడ సిద్ధము కాకుండెడిది. కారణమేమనగా ఫోనులలోని చిప్పుల భాష ఒకటి, మన కంప్యూటరులలోని చిప్పుల భాష వేఱొకటి. ఫోను పలికిన ప్రతిమాటను కంప్యూటరు తన భాషలోనికి తర్జుమా చేసికొని నడుపవలసి యుండెను. తరువాత గూగులువారు కంప్యూటరు చిప్పుల భాషలోనే నడచు ఆండ్రాయిడును గూడ తయారుచేసిరి. ఇంటెలువారు 2005లోను, ఏఎండీవారు 2006లోను తమ చిప్పులలోనే వర్చువల్ మెషీనులకు సాయపడు నేర్పాటు పొందుపఱచియుండిరి. ఈ రెండును కూడివచ్చుటతో తర్జుమా తప్పి, నడక పరుగైనది. నేడు మంచి కంప్యూటరులో ఎమ్యులేటరు చేతిలోని చౌకఫోనుకంటె చుఱుకుగా నడచును. అందులోనే యొక మోసము కలదు. దానిని పిదప చెప్పెదను.

కావలసిన సామగ్రి స్వల్పము. ఆండ్రాయిడ్ స్టూడియో అను ప్రోగ్రామును గూగులువారు ఉచితముగా ఇచ్చుచున్నారు. ఎమ్యులేటరు దానితోనే వచ్చును. కంప్యూటరులో ర్యామ్ 16 జీబీ యున్న సుఖము. ఎనిమిదితో గూడ లాగుకొని రావచ్చును గాని, బ్రౌజరులో పది కిటికీలు తెఱచుకొని దీనిని గూడ నడుపుదమన్న అది మొరాయించును. డిస్కులో పదుల జీబీల ఖాళీ యుంచుకొనవలెను. ఒక్కొక్క బొమ్మఫోను కొన్ని జీబీలు మింగును. చాలమందికి మొదటిదినమే ఎదురగు నాటంకమొకటి: చిప్పులో వర్చువల్ మెషీనులకు సాయపడు నేర్పాటు ఉండియు, కంప్యూటరు తొలి యమరికలలో అది కట్టివేయబడి యుండును. కంప్యూటరును తెఱచునప్పుడే బయాసులోనికి పోయి దానిని విప్పవలెను. విండోసులోనైన హైపర్‌వైజరు ప్లాట్‌ఫారమను అమరికను గూడ అనుమతింపవలెను. ఈ రెండు పనులు చేయనందుననే 'మా కంప్యూటరులో ఇది నడవదు' అని నిరాశపడినవారు కలరు.

తరువాత పని సంతలో కుండ నేరుకొనుటవంటిది. ఏ కొలత ఫోను? ఏ సంచిక ఆండ్రాయిడు? ఎంత ర్యామ్? పాత సంచికలకు మిఠాయిల పేర్లు పెట్టిరి: కప్‌కేకు, డోనట్టు, జెల్లీబీను, కిట్‌క్యాటు, ఓరియో, పై. 2019లో వచ్చిన పదవ సంచికనుండి ఆ ముచ్చట మాని అంకెలనే చెప్పుచున్నారు. మనకు సంబంధించిన సంగతి యేమనగా, తెలుగక్షరములను చూపు నేర్పు ఆండ్రాయిడునకు 2012 నాటి 4.1 జెల్లీబీనుతో వచ్చినది; ఫోను తానే తెలుగులో మాటలాడుట, అనగా అమరికల పేర్లన్నియు తెలుగులో చూపుట, 2014 నాటి ఐదవ సంచికతో వచ్చినది. క్రొత్త సంచిక నొకదానిని, ఐదాఱేండ్ల పాతదానినొకటిని, తెఱ చిన్నదై రెండు జీబీల ర్యామ్ మాత్రమే గల బీదఫోను నొకదానిని కల్పించుకొనుట మంచిది. ఈ మూడవదానిని అందఱును విస్మరింతురు. తప్పులన్నియు బయటపడునది దానియందే.

ఇప్పుడొక సోదరి ఆవకాయ, గోంగూర, కందిపొడి అమ్ముటకు యాప్ చేయించుకొన్నదనుకొందము. చేసినవాడు తెచ్చి తన ఫోనులో చూపెను. అందముగ నున్నది. 'సరే, మా కంప్యూటరులో గూడ పెట్టి చూపు'మని ఆమె యడుగవలెను. ఆ యాప్ దస్త్రమును మౌసుతో పట్టుకొని తెచ్చి ఎమ్యులేటరు తెఱపై విడిచిన చాలును, అది అందులో అమరును.

మొదట భాషను తెలుగునకు మార్చవలెను. అంతట వింతలు కనబడును. ఇంగ్లీషులో రెండక్షరముల బొత్తాము తెలుగులో పెద్దమాటయై, తుద కత్తిరింపబడి, 'ఆర్డరు రద్దుచేయు' అనుటకు 'ఆర్డరు ర...' అని మాత్రమే కనబడవచ్చును. ఇంగ్లీషు అక్షరములకు సరిపోవునంత ఎత్తుతో పంక్తులు కట్టినవాడు మనకు పైన గుడులు, క్రింద వత్తులు కలవని యెఱుగడు. 'లక్ష్మి' అని వ్రాసిన మకారపు వత్తు క్రింది గీతలో మునిగిపోవును. పేరు వ్రాయుచోట ఇంగ్లీషు అక్షరములే పుచ్చుకొనునట్లు కట్టడి చేసి, తెలుగులో వ్రాసినవారిని 'పేరు సరికాదు' అని త్రిప్పిపంపు యాప్‌లు గూడ కలవు. తన పేరు తన భాషలో వ్రాసికొన్న స్త్రీతో నీ పేరు తప్పనుట ఎంత యవినయము! ఇది చిన్నదోషమని నేననుకొనను.

రెండవది అక్షరముల పరిమాణము. 2023లో వచ్చిన ఆండ్రాయిడు 14వ సంచికనుండి అక్షరములను రెండింతల వఱకు పెంచుకొనవచ్చును. ఎమ్యులేటరులో అట్లు పెంచి, యాప్‌లోని ప్రతి తెఱను ఒక్కమాఱు నడిచిరావలెను. సొమ్ము మొత్తము, డబ్బు చెల్లించు బొత్తాము, చిరునామా, ఈ మూడును కనబడుచున్నవా? క్రిందికి జరుపుకొనుటకు వీలున్నదా? డెబ్బదియేండ్ల తల్లి ఆవకాయ కొనలేకపోవుట ఈ చిన్న విషయమువలననే సంభవించును.

మూడవది, నాకు మిక్కిలి ముఖ్యముగ తోచునది, నడుమ అంతరాయములు. ఎమ్యులేటరు ప్రక్కన చుక్కల గుర్తును నొక్కిన నొక పెద్ద పట్టిక తెఱచుకొనును. అందుండి ఆ బొమ్మఫోనునకు దొంగ ఫోనుకాలు పంపవచ్చును, మెసేజి పంపవచ్చును, బ్యాటరీ నూటికి ఐదునకు దింపవచ్చును, సిగ్నలును 'మంచిది' నుండి 'హీనము'నకు, అక్కడనుండి సున్నకు తగ్గింపవచ్చును. వేలిముద్ర వేసినట్లు నటింపవచ్చును. ఫోను డాలసులో నున్నదనియు చెప్పవచ్చును. అచ్చటి మన తెలుగువారు ఇచ్చటి తల్లిదండ్రులకు పచ్చళ్లు పంపుటకు ఆర్డరిచ్చినపుడు యాప్ ఎట్లు నడచునో చూచుటకు ఇది పనికివచ్చును.

ఈ పట్టికను చేతబట్టి ఇట్లు చేయుడు. సొమ్ము చెల్లించు తెఱవఱకు వచ్చి, బొత్తాము నొక్కి, ఆ క్షణముననే సిగ్నలును సున్న చేయుడు. యాప్ యేమనును? తెల్లముఖము వేసికొని నిలిచిపోవునా? 'మరల ప్రయత్నింపుడు' అనునా? మరల ప్రయత్నించిన ఒకే సీసాకు రెండు మాఱులు డబ్బు పోవునా? అసలు మొదటిది పోయినదో లేదో చెప్పునా? డబ్బు పోయి ఆర్డరు నమోదు కాకుండుట కంటె కొనువారికి కష్టము మఱియొకటి లేదు. అమ్ము సోదరికి గూడ అపకీర్తి. కార్యాలయపు ఇంటర్నెటుతో పరీక్షించినవానికి ఈ సంగతి కలలో గూడ తోచదు. ఊరిలో నున్నవారికి ఇది నిత్యకృత్యము. (పరీక్షకు నిజమైన డబ్బు వాడవద్దు. చెల్లింపులు నడపు సంస్థలు సామాన్యముగా పరీక్షల కొఱకు ఉత్తుత్తి ఖాతాలిచ్చును. వానినే వాడుమని చెప్పవలెను.)

అట్లే చిరునామా సగము వ్రాసి, ఫోనుకాలు రప్పించి, మాటలాడినట్లు చేసి, నడుమ మఱి నాలుగు యాప్‌లు తెఱచి, తిరిగి రండు. ర్యామ్ తక్కువ యగు ఫోనులలో ఆండ్రాయిడు వెనుకబడిన యాప్‌ను చప్పుడు లేక మూసివేయును. మంచి యాప్ తిరిగి తెఱచునప్పటికి వ్రాసినది వ్రాసినట్లే యుంచును. చెడ్డది మొదటినుండి వ్రాయుమనును. పొయ్యిమీద పాలుంచి ఫోను పట్టుకొన్నవారి కిది యెంత విసుగో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇన్ని విధముల చెఱచిన ఫోనును మఱల బాగుచేయుట యెట్లని సందేహము వచ్చును. ఇచ్చటనే వర్చువల్ మెషీనుయొక్క పెద్ద సౌకర్యము. స్నాప్‌షాటని యొకటి కలదు. ఫోనున్న స్థితి నున్నట్లుగా, తెఱచిన యాప్, సగము వ్రాసిన మాటతోసహా, అచ్చుతీసి దాచుకొనవచ్చును. పరీక్షలో ఏమి పాడైనను ఆ యచ్చును మఱల తెఱచిన, కొన్ని క్షణములలో యథాస్థితికి వచ్చును. పాకము ముదిరినపిదప తీగపాకమునకు త్రిప్పుకొను నుపాయము మన వంటయింటిలో లేదు గదా! ఒకే తప్పును పదిమాఱులు అదే చోటినుండి చూపగలుగుట ప్రోగ్రాము దిద్దువానికి మహోపకారము. 'నిన్న వచ్చినది, నేడు రావడము లేదు' అను వాదము తప్పును.

ఆండ్రాయిడ్ స్టూడియో తోడు లేకయే ఆండ్రాయిడును వర్చువల్ మెషీనులో పెట్టు మార్గము మఱియొకటి కలదు. ఆండ్రాయిడ్-ఎక్స్86 అను పేర 2009లో ఆరంభమైన యుద్యమమువారు ఆండ్రాయిడును సాధారణ కంప్యూటరులలో నడచునట్లు దిద్దిరి. దానిని వర్చువల్ బాక్సను ఉచిత ప్రోగ్రాములో ప్రతిష్ఠించుకొనవచ్చును. వారి తొమ్మిదవ సంచిక సవరణ 2020లో వచ్చినది; అనగా అది నేటి ఆండ్రాయిడునకు చాల వెనుకబడినది. పాతకంప్యూటరులో కుతూహలము తీర్చుకొనుటకు బాగుగ నుండును గాని, యాప్ పరీక్షకు ఎమ్యులేటరునే నేను మేలందును.

ఐఫోను సంగతి వేఱు. ఆపిల్‌వారు మాక్ కంప్యూటరులలో సిమ్యులేటరును ఒకదానిని ఇత్తురు. అది వర్చువల్ మెషీను కాదు. ఐఫోను వేషము వేసికొన్న మాక్ అది. లోపల నడచునది మాక్‌యొక్క గుండెయే. తెఱలు, అక్షరములు, భాష చూచుటకు చక్కగ పనికివచ్చును. మాక్ లేనివారికి ఆ భాగ్యమును లేదు.

ముందు చెప్పెదనన్న మోసమేమనగా, ఎమ్యులేటరు మంచి కంప్యూటరు బలముతో నడచుటచేత, నిజమైన ఫోనులో ఈడ్చుకొనుచు నడచు యాప్ గూడ అందులో లేడిపిల్లవలె గంతులు వేయును. ర్యామ్ తగ్గించి కల్పించినను చిప్పు వేగము తగ్గదు. ఫోను వేడెక్కుట అందులో తెలియదు. బ్యాటరీ అంకెను మనము దింపినాము గాని, యాప్ నిజముగా ఎంత త్రాగుచున్నదో తెలియదు. మౌసు మొన సన్నము, మన బొటనవ్రేలు వెడల్పు. పిండిచేతి వ్రేలు ఇంకను మొద్దు. ఒకదాని ప్రక్కనొకటి ఇఱికించిన బొత్తాములను మౌసు తప్పు లేక నొక్కును, వ్రేలు తప్పుగా నొక్కును. మేడమీద ఎండలో తెఱ కనబడునా యను ప్రశ్నకు అందు జవాబు లేదు. కెమెరాకు కంప్యూటరులోని బొమ్మయింటిని చూపి మురిపింతురు. నిజమైన పచ్చడి సీసా ఫొటో మసక వెలుతురులో ఎట్లు వచ్చునో ఫోనుతోనే చూడవలెను.

బ్యాంకు యాప్‌లు పెక్కు ఎమ్యులేటరులో అడుగిడనీయవు. ఇది వంటయింటి బొమ్మఫోను, నమ్మరాదని గుర్తుపట్టి తలుపు మూయును. యూపీఐ యాప్‌లు మొదటనే మన సిమ్ముకార్డునుండి మెసేజి పంపి, ఈ నంబరు ఈ ఫోనుననే యున్నదని రూఢి చేసికొనును. బొమ్మఫోనున సిమ్ము లేదు గదా. అది మన మేలునకే. ఆ కట్టడిని తప్పించు చిట్కాలు చెప్పెదమనువారి మాట వినవద్దు. పరీక్ష కొఱకు కల్పించుకొన్న ఫోనులో స్వంత బ్యాంకు వివరములు, ఆధారు నంబరు ఎన్నడును వ్రాయరాదు. గూగులు ఖాతా గూడ వేఱుగ నొకటి తెఱచుకొని వాడుట మేలు.

ఖాతాల మాట వచ్చినది గనుక మఱియొక్క సంగతి. పెండ్లి పిలుపనియు, కరెంటు బాకీయనియు పేరుపెట్టి వాట్సాపులో ఏపీకే దస్త్రములు వచ్చుచున్నవి. నొక్కి అమర్చుకొన్నచో ఫోనులోని మెసేజీలను చదివి బ్యాంకు సొమ్ము నూడ్చుకొనిపోవును. అట్టివానిని శోధించు నిపుణులు ఖాతాలేవియు లేని వర్చువల్ మెషీనులోనే తెఱచి చూతురు. అచ్చట దొంగకు దోచుకొన నేమియు నుండదు. మనము మాత్రము చూచెదమని దానిని తెఱవబూనరాదు. తుడిచివేయుటయే పని.

ఎమ్యులేటరు పరీక్ష ముగిసినపిదప నిజమైన ఫోనులు మూడైన వలయును. వానిని కొననక్కఱలేదు. ఇంటిలో అమ్మమ్మగారి ఫోను, పనికి వచ్చు నామె ఫోను, బడిపిల్లవాని పగిలిన తెఱఫోను ఉండనే యుండును. యాప్‌ను వానిలో నుంచి, ఏమియు నేర్పక, 'ఒక గోంగూర సీసా కొనుడు' అని మాత్రము చెప్పి, ప్రక్కన కూర్చుండి, నోరు మూసికొని చూడవలెను. ఎక్కడ వ్రేలు ఆగెనో, ఎక్కడ వెనుకకు పోయెనో కాగితముమీద వ్రాసికొనవలెను. ఆ కాగితమును యాప్ చేసినవాని కిచ్చినపిదపనే మిగిలిన సొమ్ము చెల్లించుట.

కల్పించుకొన్న ఫోనులను పని తీఱినపిదప తుడిచివేయ మఱువవద్దు. వాడకున్నను అవి డిస్కులో చోటాక్రమించుకొనియే యుండును. పండుగ ఫొటోలు దాచుకొనబోవునపుడు చోటు లేదని కంప్యూటరు చెప్పిన, మొదట వెదకవలసినది వానినే.